పిల్లల చదువు వినే యంత్రం

1975 ఆగస్టు 1న మన దేశంలో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపడం మొదలైంది. సైట్ అని పేరున్న ఆ ప్రయోగం ఏడాదిపాటు ఆరు రాష్ట్రాల్లో 2,400 పల్లెల్లో నడిచింది. ఆంధ్రప్రదేశ్ పల్లెలూ అందులో ఉన్నాయి. పొద్దున పూట బడిపిల్లల కార్యక్రమాలు వచ్చేవి. ఆ తర్వాత దూరదర్శన్ పాఠాలు వచ్చాయి, ‘మన టీవీ’ అనే చానెల్ వచ్చింది, తెలంగాణలో టీ-శాట్ వచ్చింది. కరోనా కాలంలో సప్తగిరి, యాదగిరి చానెళ్ళు తరగతి గదులయ్యాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు వీడియోలు నింపిన ట్యాబులు చేతికిచ్చారు. నాడు-నేడు బడుల గోడలకు పెద్ద తెరలు బిగించారు. యాభై ఏళ్ళలో తెర సన్నబడింది, బొమ్మ మెరుగైంది. చేసే పని మాత్రం ఒక్కటే, పిల్లలకు చెప్పడం.

పిల్లలు చదివితే వినే పరికరం మాత్రం మన బడుల్లో మామూలు సామాను కాలేదు. చౌక ఫోన్‌లో కూడా మాటను గుర్తించే మోడళ్ళు నడుస్తున్నాయి కాబట్టి ఇప్పుడు ఆ వీలు కలిగింది. ఏఐ పేరుతో వచ్చే ఐదారేళ్ళలో ప్రభుత్వాలు, బడులు, తల్లిదండ్రులు పెట్టబోయే డబ్బులో మొదటి వాటా ఈ వినే పనికే పోవాలని నా వాదన. పాఠం చెప్పే బొమ్మ టీచర్లూ, ఏ ప్రశ్నకైనా పేజీల కొద్దీ జవాబు పరిచే చాట్‌బాట్‌లూ తర్వాత సంగతి. ఈ పని పైకి కనిపించేంత తేలిక కాదు. చాలాచోట్ల చెడుతుంది, తెలుగులో మరీ ప్రత్యేకంగా చెడుతుంది. అందుకే కాస్త వివరంగా చెప్పుకుందాం.

గుంపులో గోవిందా చదువు

మూడో తరగతి గదిలో "అందరూ చదవండి" అంటే ముప్పై గొంతులు లేస్తాయి. ముందు వరసలో నలుగురైదుగురు అక్షరం చూసి చదువుతారు. ఓ పదిమంది వాళ్ళ వెనకే అర క్షణం ఆలస్యంగా మాట అందుకుంటారు. మిగతావాళ్ళు వాక్యం చివర "ఉంది", "వచ్చింది" దగ్గర గట్టిగా కలుస్తారు. వరండాలో నిలబడి వింటే తరగతి మొత్తానికీ చదవడం వచ్చేసినట్టే ఉంటుంది. ఐదో తరగతికి వచ్చినా కూడబలుక్కుని కూడా చదవలేని పిల్లలు అన్నేళ్ళు బయటపడకుండా ఎలా నెట్టుకొచ్చారంటే ఇలాగే.

పల్లెపిల్లల చదువు ఎంతవరకు వచ్చిందో చూడటానికి ప్రథమ్ సంస్థ చేసే అసర్ సర్వేకు విలువ రావడానికి కారణం వాళ్ళు పిల్లల్ని ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి చదివించడమే. అక్షరాలు, మాటలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ, అంతే ఆ పరీక్ష. 2024లో దేశంలోని గ్రామీణ ప్రభుత్వ బడుల మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవారు 23.4 శాతం. 2022లో అది 16.3 శాతమే. మెరుగైన మాట నిజమే, కానీ నలుగురిలో ముగ్గురు ఇంకా వెనకే ఉన్నారు.

ఈ పరీక్ష టీచరే వారం వారం చేయొచ్చుగా అనిపిస్తుంది. లెక్క వేయండి. చదవడానికి ఒక నిమిషం. పిల్ల లేచి వచ్చి, కూర్చుని, బెదురు తీరి, చదివాక టీచరు తప్పులు రాసుకోవడానికి మరో రెండు నిమిషాలు. ముప్పై మందికి తొంభై నిమిషాలు, అంటే రెండు పీరియడ్లు. ఆ రెండు పీరియడ్లూ మిగతా ఇరవై తొమ్మిది మందికి పని కల్పించాలి. ఒకే టీచరు రెండు మూడు తరగతులు చూసుకునే బడిలో ఇది జరిగే పని కాదు. వినడమెలాగో టీచర్లకు తెలుసు, సమయమే లేదు. యంత్రం తీర్చాల్సిన కొరత ఇదే.

పిల్లల స్థాయి తెలుసుకుని అక్కడినుంచి మొదలుపెడితే ఏమవుతుందో ఢిల్లీలో మైండ్‌స్పార్క్ అనే సాఫ్ట్‌వేర్ మీద కార్తీక్ మురళీధరన్, అభిజిత్ సింగ్, అలెహాంద్రో గనీమియన్ చేసిన అధ్యయనం చూపించింది. అది 2019లో అచ్చయింది. మాధ్యమిక తరగతుల పిల్లలు రోజుకు 90 నిమిషాలు కేంద్రానికి వచ్చేవారు. సగం సమయం కంప్యూటరు ముందు, సగం చిన్న గుంపుగా మనిషి దగ్గర. నాలుగున్నర నెలల్లో, అక్కడ చోటు దొరకని పిల్లలకంటే గణితంలో 0.37, హిందీలో 0.23 ప్రామాణిక విచలనాల (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) మేర ముందుకెళ్ళారు. విద్యారంగంలో ఇది చాలా పెద్ద అంకె. ఆ సాఫ్ట్‌వేర్‌లో మెరిసే వీడియోలకంటే ముఖ్యమైన గుణం ఒకటుంది. ఏడో తరగతి పిల్లవాడు నాలుగో తరగతి లెక్క దగ్గర ఆగిపోయాడని అది అతని జవాబుల్లోంచే పట్టుకుని అక్కడినుంచే ప్రశ్నలు ఇచ్చేది. అంత చేసినా బడి పెట్టే గణితం పరీక్షలో మార్కులు చెప్పుకోదగ్గంతగా పెరగలేదు. ఎందుకంటే ఆ పరీక్ష ఏడో తరగతి సిలబస్‌నే అడుగుతుంది. నాలుగునుంచి ఐదుకు ఎక్కినవాడు దానికి కనిపించడు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి, కొత్త సాంకేతికత "పనిచేయలేదు" అని తేల్చేసే చాలా సందర్భాల్లో కొలబద్దే పనిచేసి ఉండదు.

సరిదిద్దే యంత్రంతో చిక్కు

ఫోన్‌లో మాట్లాడి తెలుగు టైపు చేసే సౌకర్యం అందరూ వాడుతున్నదే. దాన్నే బడికి తెచ్చి పిల్లల చేత చదివిస్తే సరిపోతుందని చాలామంది యాప్ తయారీదారులు అనుకుంటారు. అక్కడే మొదటి గొయ్యి.

పుస్తకంలో "పల్లెలో వర్షం వచ్చింది" అని ఉంది. పిల్ల "పలెలో వరుషం వచింది" అని చదివింది. డిక్టేషన్ కోసం తయారైన మోడల్ దీన్ని "పల్లెలో వర్షం వచ్చింది" అనే రాస్తుంది. వినిపించిన ధ్వనితో పాటు భాషలో ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో కూడా నేర్చుకుంది కాబట్టి లోపాన్ని తానే పూడ్చేస్తుంది. మనం వాట్సాప్‌లో సందేశం పంపేటప్పుడు అది వరం. చదువు పరీక్షలో మాత్రం పిల్ల చేసిన మూడు తప్పులూ మాయమై నూటికి నూరు వస్తుంది. మాటను రాతగా మార్చే విస్పర్ లాంటి మోడళ్ళకు మరో జబ్బు కూడా ఉంది. ఎవరూ మాట్లాడని చోట కూడా ఒక్కోసారి ఏవో వాక్యాలు పుట్టిస్తాయి. మాట రాక మౌనంగా నిలబడిన పిల్లవాడు చదివినట్టు నమోదవుతుంది.

చదవాల్సిన వాక్యం మనకు ముందే తెలుసు కాబట్టి "ఏమంది?" అని యంత్రాన్ని అడగనే కూడదు. "ఈ వాక్యంలోని ఒక్కో ధ్వని ఈ రికార్డింగులో ఎక్కడ మొదలైంది, ఎక్కడ ముగిసింది, ఎంతవరకు సరిపోయింది?" అని అడగాలి. దీన్ని ఫోర్స్‌డ్ అలైన్‌మెంట్ అంటారు, పాత పద్ధతే. ఒక్కో ధ్వనికీ ఒక మార్కు వస్తుంది. "పల్లె"లో ల్ల పలికే నిడివి, "పలె"లో ల నిడివి పోల్చితే ఒత్తు పోయిందో లేదో తెలిసిపోతుంది. పని మోడల్ పరిమాణంతో కాకుండా ప్రశ్న అడిగే తీరుతో తేలుతుంది. పది కోట్ల పరామితులు, అంటే నేర్చుకుని దాచుకున్న అంకెలు, ఉన్న మోడల్‌ను అంకెకు 8 బిట్లకు కుదిస్తే 100 ఎంబీ చుట్టూ ఉంటుంది. మామూలు ఫోన్‌లో నెట్ లేకుండా నడుస్తుంది.

ఇక తెలుగు పిల్లలు చదివే తీరు. చదవడం నేర్చుకుంటున్న పిల్ల "పల్లె" దగ్గర ఆగి, పెదాల కింద "లకు ఎత్వమిస్తే లె, కింద ల ఒత్తిస్తే ల్లె" అని గొణిగి, అప్పుడు పైకి "పల్లె" అంటుంది. ఇది తప్పు కాదు. గుణింతం పట్టుబడిందనడానికి ఇంతకంటే రుజువు లేదు. కానీ ఈ గొణుగుడు వినగానే సాధారణ మోడల్ దాన్ని నాలుగైదు అదనపు మాటలుగా లెక్కేసి ఎర్రగీత పెడుతుంది. తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము, ఎత్వం, ఒత్వం, ఒత్తు అనే ఈ కొద్ది మాటల్నీ యంత్రానికి ముందే ఇచ్చి, అవి వినబడితే "ఆలోచిస్తోంది" అని గుర్తు పెట్టుకుని వదిలేయమనాలి. ఒక మాట మీద ఎన్ని సెకన్లు ఆగిందో కూడా రాసిపెట్టమనాలి. టీచరుకు ఈ ఆగిన చోట్ల పట్టిక తప్పుల పట్టిక కంటే ఎక్కువ పనికొస్తుంది.

పిల్లల గొంతు మరో సమస్య. పెద్ద మగవాళ్ళ స్వరం సుమారు 120 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర, ఆడవాళ్ళది 200 పైన, ఎనిమిదేళ్ళ పిల్లలది 250 నుంచి 300 మధ్య ఉంటుంది. గొంతునాళం పొట్టిది కావడం వల్ల అచ్చుల ప్రతిధ్వని స్థానాలు కూడా పైకి జరుగుతాయి. వార్తలు చదివేవారి గొంతులతో, యూట్యూబ్ ఉపన్యాసాలతో నేర్చిన మోడల్ ఇక్కడ తడబడుతుంది. కంప్యూటర్లకు భారతీయ భాషలు నేర్పడానికి కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన భాషిణి, ఐఐటీ మద్రాసులోని పరిశోధన బృందం ఏఐ4భారత్, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ తెలుగు మాటల సేకరణకు చాలా చేశాయి. పెద్దల తెలుగు దొరుకుతోంది. ఆరేళ్ళనుంచి పదేళ్ళ పిల్లలు పుస్తకం చూసి తప్పులతో చదివిన రికార్డింగులు, ఏ తప్పు ఎక్కడ చేశారో మనిషి గుర్తు పెట్టినవి, శ్రీకాకుళం నుంచి ఆదిలాబాదు దాకా యాసలన్నీ కలిసినవి కావాలి. అది పరిశోధకులు ఒంటరిగా చేయగల పని కాదు, డైట్ కాలేజీల్లో టీచరు శిక్షణ తీసుకుంటున్నవాళ్ళు చేయగలరు. ఒక్కొక్కరు ఇరవై మంది పిల్లల చేత చదివించి తప్పులు గుర్తిస్తే వాళ్ళకూ వినడం అలవడుతుంది.

యాస దగ్గర నా తీర్పు సూటిగానే చెబుతాను. "భారతం" అని ఉంటే "బారతం" అన్నందుకు తప్పు వేయకూడదు. ళ బదులు ల, ణ బదులు న, శ ష స కలిపేయడం, ఇవన్నీ చదవడంలో తప్పులు కావు, ఇంట్లో మాట్లాడే తీరు. వాటికి ఎర్రగీత పెట్టే యంత్రం పిల్లవాడి నోటినే తప్పు పడుతున్నట్టు. స్పష్టంగా పలకడం నేర్పాలంటే అది వేరే పాఠం, టీచరు వేరే రోజు చెబుతారు. "కిటికీ"ని "కీటికీ" అనడం, ప చూసి వ అనడం, మ చూసి య అనడం, మొదటి అక్షరం చూసి మిగతా మాట ఊహించేయడం, ఇవి నిజంగా చదవడంలో తప్పులు. ఈ రెండింటినీ వేరు చేసే జాబితా తయారు చేయాల్సింది ప్రోగ్రామరు కాదు, ఒకటి రెండు తరగతులకు పదేళ్ళు చెప్పిన ఉపాధ్యాయులు.

నిమిషానికి ఇన్ని మాటలు అనే కొలత కూడా తెలుగుకు సరిగా అతకదు. చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021 జూలైలో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతి చివరికి నిమిషానికి 60 మాటలు అర్థంతో చదవాలని లక్ష్యం పెట్టింది. "ఊరి చివర చెరువు ఉంది" నాలుగు మాటలు, పది అక్షరాలు. "చెరువుగట్టుమీదనుంచి పిల్లలంతా పరిగెత్తుకొచ్చారు" మూడే మాటలు, ఇరవై అక్షరాలు. ఏ పాఠం చదివించామనేదాన్ని బట్టి ఒకే పిల్ల ఒకరోజు ముందుండి, మర్నాడు వెనకబడినట్టు కనిపిస్తుంది. నిమిషానికి అక్షరాలు లెక్కపెట్టండి, ఒత్తులున్న అక్షరాలను విడిగా చూపించండి. యంత్రానికి ఇది పైసా ఖర్చు లేని పని.

ఏం చదివించాలి

పాఠ్యపుస్తకం పనికిరాదు. జూలై దాటేసరికి పిల్లలకు అందులోని పాఠాలు కంఠతా వచ్చేస్తాయి, పుస్తకం తిరగేసి పట్టుకుని కూడా గడగడా చదివేస్తారు. ప్రతి వారం కొత్త పేరా కావాలి, 40 నుంచి 60 మాటలు, ఇంతవరకు నేర్పిన అక్షరాలూ ఒత్తులూ మాత్రమే ఉండాలి. ఏడాదికి ఇలాంటివి ముప్పై పైచిలుకు, అదీ మూడు స్థాయిల్లో. రాసేవాళ్ళు ఎవరు? జవాబులు పుట్టించే పెద్ద మోడళ్ళకు ప్రాథమిక బడిలో నిజమైన పని నా దృష్టిలో ఇదే. అవి పిల్లల ముందుకు రావాల్సిన అవసరం లేదు, టీచరు బల్ల మీద ఉంటే చాలు.

అయితే "ల, న, క, ట ఒత్తులు తప్ప వేరే ఒత్తులు వాడకు" అంటే మోడల్ సరేనని చెప్పి మూడో వాక్యంలోనే "మిత్రుడు", "ప్రశ్న" రాసేస్తుంది. దానికి అక్షరాలు మనకు కనబడినట్టు కనబడవు. "స్త్రీ" మనకు ఒక్క అక్షరం. కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపెట్టుకునే యూనికోడ్ పద్ధతిలో స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం కలిపి ఆరు సంకేతాలు, నిల్వలో పద్దెనిమిది బైట్లు. మోడల్ ఆ బైట్లను తనకు తోచిన ముక్కలుగా చేసుకుని చూస్తుంది. 2024 మేలో జీపీటీ-4ఓ విడుదల చేసినప్పుడు ఓపెన్ఏఐ చూపిన ఉదాహరణలో ఒకే తెలుగు వాక్యం పాత పద్ధతిలో 159 ముక్కలయ్యేది, కొత్త పద్ధతిలో 45 అయింది. ఖర్చు, ఆలస్యం ఆ మేరకు తగ్గాయి కానీ ముక్కకూ అక్షరానికీ పొత్తు ఇంకా కుదరలేదు.

కాబట్టి పని ఇలా పంచుకోవాలి. మోడల్‌ను ఒకేసారి ఇరవై పేరాలు అడగండి. పొల్లు తర్వాత ఏ హల్లు వచ్చిందో చూసి, అనుమతి లేని ఒత్తు ఉన్న పేరాను పక్కన పడేసే చిన్న స్క్రిప్టు రాయించుకోండి, ఇరవై పాతిక వరసలు మించదు. ఇరవైలో ఐదారు మిగులుతాయి. వాటిని టీచరు చదివి తెలుగు చేయాలి. "అతను తన చేతులను కడుక్కున్నాడు" లాంటి వాక్యాలు తప్పకుండా ఉంటాయి, "చేతులు కడుక్కున్నాడు" అని కొట్టేయాలి. పిల్లలు ఎరగని మంచు, ఆపిల్ తోటలు తీసేసి గట్టు, గేదె, బస్టాండు పెట్టాలి. మూడు పేరాలు చేతికి రావడానికి అరగంట పడుతుంది. మండలానికి నలుగురు టీచర్లు పంచుకుంటే ఏడాది సరుకు వేసవి సెలవుల్లోనే తయారవుతుంది. ఆ ఖజానా అందరికీ ఉచితంగా దొరకాలి.

గదిలో ఎలా పెట్టాలి

ప్రతి పిల్లకూ ట్యాబు అక్కర్లేదు. తరగతికి రెండు ఫోన్లు, వైరున్న రెండు హెడ్‌సెట్లు చాలు. వైరున్నవే ఎందుకంటే చౌక బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు మైకు మొదలుపెట్టగానే చాలాసార్లు 8 కిలోహెర్ట్జ్ నాణ్యతకు దిగిపోతాయి. దాంతో 4 కిలోహెర్ట్జ్ పైనున్న శబ్దమంతా పోతుంది. శ, స, చ ల మధ్య తేడాలో పెద్ద భాగం అక్కడే ఉంది. రికార్డింగు 16 కిలోహెర్ట్జ్, మోనో, 16 బిట్లు ఉండాలి. అలా ఒక నిమిషం దాదాపు 1.9 ఎంబీ, ముప్పై మందికి 58 ఎంబీ దాకా. పంపాల్సి వస్తే ఓపస్ అనే ధ్వని ఫార్మాట్‌లో సెకనుకు 24 కిలోబిట్లకు కుదిస్తే ముప్పై మందిదీ కలిపి ఐదున్నర ఎంబీ. అంటే నెట్ సరిగా లేదనేది ఇక్కడ సాకు కాదు.

మైకు నోటికి ఐదారు అంగుళాల దూరంలో, కాస్త పక్కకు ఉండాలి. ఎదురుగా పెడితే ప, బ, ఫ పలికినప్పుడల్లా గాలి తగిలి బుసబుసలు వస్తాయి. ఫోన్‌లో చుట్టుపక్కల హోరు తగ్గించే నాయిస్ సప్రెషన్ ఆపేయాలి. అది ఫ్యాను హోరుతో పాటు మెల్లగా మొదలయ్యే మొదటి హల్లును కూడా మింగేస్తుంది, బెదిరిన పిల్లలకు మొదటి హల్లు ఎప్పుడూ మెల్లగానే వస్తుంది. చోటు వరండా మూల అయితే మేలు. రేకుల కప్పు ఉన్న బడిలో వాన పడుతుంటే ఆ రోజు మానేయండి, ఏ మోడలూ దాన్ని దాటలేదు. మధ్యాహ్న భోజనం వండే వైపు కూడా వద్దు.

క్రమం చిన్నది. పిల్ల కూర్చుని తన బొమ్మ గుర్తు నొక్కుతుంది. ముందుగా రెండు తేలిక మాటలు చదువుతుంది, అవి లెక్కలోకి రావు, గొంతు సర్దుకోవడానికే. తర్వాత కాగితం మీద పేరా చదవాలి, తెర మీద కాదు. తెర మీద అక్షరాలు జరిగితే పిల్లల కన్ను అక్షరాన్ని వదిలి కదలికను పడుతుంది. నిమిషం కాగానే గంట. ఇద్దరిద్దరుగా నడిపితే ముప్పై మంది నలభై అయిదు నిమిషాల్లో అయిపోతారు, ఆ సమయమంతా టీచరు మిగతా తరగతికి పాఠం చెప్పుకోవచ్చు. ఐదో తరగతి పిల్లల్ని ఒకరిద్దరిని నిర్వాహకులుగా పెడితే వాళ్ళే నడిపిస్తారు. కాకపోతే పక్కన కూర్చున్నవాడు మాట అందించకుండా చూడాలి. అన్నిటికంటే తరచుగా ఫలితాన్ని పాడుచేసేది ఇదే, రెండు గొంతులు కలిస్తే ఏ పలుకు ఎవరిదో యంత్రానికి తెలియదు.

తప్పుడు హెచ్చరికల లెక్క కూడా ముందే వేసుకోవాలి. సరిగా చదివిన మాటలో నూటికి ఐదు తప్పని యంత్రం అంటుందనుకుందాం. 50 మాటల పేరాలో రెండు మూడు, ముప్పై మందికి 75. బాగా చదివిన పిల్లకు రెండు ఎర్రగీతలు పడితే మూడోసారి ఆ యంత్రం ముందు కూర్చోదు. అందుకే పిల్లకు కనిపించే తెర ఉదారంగా ఉండాలి, గట్టి అనుమానం ఉన్న మాటనే చూపించాలి, అదీ ఎరుపు లేకుండా, "ఇది ఇంకోసారి చదువు" అని. అనుమానాలన్నీ ఉన్న పూర్తి పట్టిక టీచరుకు మాత్రమే. టీచరు అందులో నాలుగైదు రికార్డింగులు తెరిచి చెవిన వేసుకోవాలి. ముప్పై మందిని వినాల్సినచోట ఐదుగురిని వినడం సాధ్యమే.

గూగుల్ 2019లో బోలో పేరుతో తెచ్చి తర్వాత రీడ్ అలాంగ్‌గా మార్చిన యాప్ తెలుగులో కూడా వచ్చింది, నెట్ లేకపోయినా నడిచేది. ఇంట్లో చదివించడానికి అది మంచి ఆరంభం. తెలంగాణలో 2025లో ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో కొన్ని ప్రాథమిక పాఠశాలల్లో ఏఐతో చదవడం, లెక్కలు సాధన చేయించడం మొదలుపెట్టారు. దారి సరైనదే. వాటి విలువ మాత్రం టీచరు చేతికి వచ్చే కాగితం మీద ఆధారపడుతుంది. "మీ తరగతి సగటు 42" అనే కాగితం ఎవరికీ అక్కర్లేదు. "ఏడుగురికి ర ఒత్తు రావడం లేదు, ముగ్గురు గుడికీ గుడిదీర్ఘానికీ తేడా చూడటం లేదు, ఇద్దరు అసలు చదవకుండా ఊహిస్తున్నారు" అనేది కావాలి. మర్నాడు పొద్దున ఆ ఏడుగురినీ ఒక మూల కూర్చోబెట్టి "ప్ర, క్ర, గ్ర" చెప్పడానికి పదిహేను నిమిషాలు చాలు.

ఒక పెద్ద భయం మాత్రం ఉంది. ఈ అంకెలు డాష్‌బోర్డు ఎక్కి, మండలాల మధ్య ర్యాంకులయ్యాయా, అంతటితో పని చెడింది. వేగమే లక్ష్యమైతే వేగమే నేర్పుతారు. అర్థం కాకుండా బండిలా లాక్కుపోయే చదువుకు నిమిషానికి అక్షరాలు బాగానే వస్తాయి. మరుగుదొడ్ల ఫోటోల దాకా యాప్‌లలో ఎక్కించి విసిగిన ఉపాధ్యాయులకు ఇది మరో యాప్ కాకూడదు. పేరున్న ఫలితం గది దాటకూడదు, పైకి వెళ్ళేది పేర్లు లేని బడి లెక్క మాత్రమే, అదీ ఏడాదికి రెండుసార్లు. గొంతు రికార్డింగులు ఫోన్‌లోనే ఉండి రెండు వారాల్లో చెరిగిపోవాలి. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ళలోపు వారి వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది. అనుమతి పత్రం తెలుగులో అరపేజీలో ఉంటేనే దానికి అర్థం.

గోండు, కోయ, సవర పిల్లలున్న బడిలో ఈ యంత్రం ఒంటరిగా నిలవదు. అక్షరం వచ్చి మాట తెలియని పిల్ల, మాట తెలిసి అక్షరం రాని పిల్ల, ఇద్దరూ యంత్రానికి ఒకేలా ఆగినట్టు వినబడతారు. ఆ తేడా ఆ భాష తెలిసిన మనిషే చెప్పాలి. 2004 ప్రాంతంలో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో పుస్తకాలతో మొదలైన బహుభాషా విద్య అనుభవం ఇక్కడ తిరగేయాల్సినది.

పెద్ద తరగతుల్లో

హైస్కూలుకు వస్తే ఇదే వాదన వేరే రూపంలో. 2024లో వెలువడిన ఒక అధ్యయనంలో టర్కీలో దాదాపు వెయ్యిమంది హైస్కూలు పిల్లలకు గణితం సాధనలో జీపీటీ-4 ఇచ్చారు. మామూలు చాట్‌బాట్ ఇచ్చినవాళ్ళు సాధనలో 48 శాతం మెరుగయ్యారు. దాన్ని తీసేసి పరీక్ష పెడితే, అసలు వాడనివాళ్ళకంటే 17 శాతం వెనకబడ్డారు. జవాబు చెప్పకుండా సూచనలు మాత్రమే ఇచ్చేలా టీచర్ల సాయంతో మలిచిన రెండో రకం వాడినవాళ్ళకు ఈ నష్టం చాలావరకు తప్పింది. ముందు పిల్ల చెప్పాలి, యంత్రం వినాలి. ఇంటర్ పిల్లవాడు కైనెమాటిక్స్ లెక్క ఫోటో తీసి పంపితే పరిష్కారం రావడం కాదు కావాల్సింది. "ఏమిచ్చారు, ఏమడిగారు, మొదట ఏ సూత్రం తీస్తావు?" అని అడిగి, అతను మాటల్లో చెప్పేదాకా ఆగాలి. "ఎందుకు v² = u² + 2as? కాలం ఇచ్చారుగా" అని అతని మెట్టు మీదే ప్రశ్న వేయాలి. ఇంటిపని మొత్తం చాట్‌బాట్ చేసిపెడుతున్న రోజుల్లో రెండు నిమిషాల మౌఖిక పరీక్ష ఒక్కటే నమ్మదగ్గది. దాన్ని ప్రతివారం ప్రతి ఒక్కరికీ పెట్టే తీరిక లెక్చరర్లకు లేదు, యంత్రానికి ఉంది.

ఎవరైనా మీ బడికి ఇలాంటి యాప్ అమ్మడానికి వస్తే బ్రోచరు చదవకండి. వాళ్ళది కాని పుస్తకంలోంచి 50 మాటల తెలుగు పేరా ఇవ్వండి. మీరు ముందే పది మాటలు ఎంచుకుని తప్పు చదవండి: మూడింట ఒత్తు ఎగరగొట్టండి, మూడింట దీర్ఘం మార్చండి, రెండు మాటలు ఊహించి వేరేవి చెప్పండి, రెండు వదిలేయండి. రెండోసారి అంతా సరిగ్గా, కానీ మీ ఊరి యాసలో, మధ్యమధ్య గుణింతం గొణుగుతూ చదవండి. మూడోసారి రెండో తరగతి పిల్లను కూర్చోబెట్టి ఏమీ చదవకుండా అరనిమిషం మౌనంగా ఉండమనండి. మొదటిసారి పదిలో ఏడు తప్పులైనా పట్టాలి, రెండోసారి రెండు గీతలకు మించి పడకూడదు, మూడోసారి తెర ఖాళీగా ఉండాలి. ఈ మూడూ దాటకపోతే ఆ డబ్బుతో తరగతికి యాభై కథల పుస్తకాలు కొని, వారానికి ఒక పీరియడ్ ఐదో తరగతి పిల్లల చేత రెండో తరగతి పిల్లల చదువు వినిపించండి.